పాస్ అయ్యిందన్నారు

మా అమ్మాయి చనిపోయిందని ఫోనులో చెబితే, నేను థాంక్యూ అన్నాను.

ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. శుక్రవారం మధ్యాహ్నం. ఆసుపత్రి నుంచి స్నానానికని ఇంటికొచ్చి, తల తుడుచుకుంటున్నాను. ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, మెత్తటి గొంతు. "మదర్?" అంది. "యెస్, మదర్" అన్నాను. ఆ తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడింది. అందులో నా చెవికి దొరికినవి రెండే మాటలు. ఒకటి సారీ. రెండోది పాస్డ్.

సారీని నేను పట్టించుకోలేదు. ఈ దేశంలో బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైనా సారీ అంటారు, మనం వెళ్ళి వాళ్ళ కాలు తొక్కినా వాళ్ళే సారీ అంటారు. పాస్డ్ అన్న మాట కోసం మాత్రం నేను రెండు రోజులుగా కాచుకుని ఉన్నాను. క్లాసులో తన పని చూసి వెళ్ళిన కాలేజీ వాళ్ళు ఆ ఫలితం చెప్పడానికి ఫోను చేస్తారని, నా నంబరే ఇచ్చానని మా అమ్మాయి మంచం మీద నుంచే చెప్పింది. "పాస్డ్ అంటే థాంక్యూ అనమ్మా. ఫెయిల్డ్ అంటే కట్ చేసెయ్" అని నవ్వింది కూడా.

అందుకని థాంక్యూ అన్నాను. ఫోను పెట్టేసి మోకాళ్ళ మీద పడి ప్రభువుకి స్తోత్రం చెప్పాను. లేచి రవ్వ వేయించాను. నెయ్యి ఎక్కువే పోశాను, దానికి అలాగే ఇష్టం. కేసరి స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి, డ్రైవరుతో "మై డాటర్ పాస్" అన్నాను. ఆయన "గుడ్ ఆన్ హర్!" అన్నాడు. వద్దు వద్దంటున్నా ఒక చెంచాడు ఆయన చేతిలో పెట్టాను. తిని బొటనవేలు చూపించాడు.

వార్డులో నర్సమ్మాయి నన్ను చూసి రెండు చేతులూ చాపుకుంటూ ఎదురొచ్చింది. నేను డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె ఏడ్చింది. నా కూతురు పాసైతే ఈ పరాయి పిల్లకి ఎంత సంతోషమో అనుకున్నాను. లోపలికి వెళ్ళాను. ఒంటికి ఉండాల్సిన వైర్లన్నీ తీసేసి ఉన్నాయి. నయమైంది కాబోలు అనుకున్నాను, ఇంకో రెండడుగులు వేసేదాకా.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా. మా చర్చి సంఘంలో చనిపోయిన వాళ్ళని నిద్రించారంటాం. ఇక్కడి వాళ్ళు పాస్ అయ్యారంటారట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను అయిదో తరగతి వరకే చదివాను. బైబిలు రోజూ చదవబట్టి అక్షరాలు నిలిచాయి, లేకపోతే ఈ నాలుగు ముక్కలు కూడా రాయలేకపోయేదాన్ని. మా అమ్మాయి గురించి రాయమని మన తెలుగు పత్రిక వాళ్ళు అడిగారు. ఎక్కడ మొదలుపెట్టినా నా చెయ్యి ఆ కేసరి డబ్బా దగ్గరికే పోతోంది. అందుకే ముందు అది చెప్పేశాను.

మేం బాపట్ల వైపు వాళ్ళం. మా ఆయనది తాపీ పని. ఆ పని మీదే మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చారు. వచ్చేనాటికి మా అమ్మాయి ఏడో తరగతి. అది పన్నెండో క్లాసు పరీక్షలు రాస్తుండగా ఆయన గుండె ఆగిపోయింది. అప్పటినుంచీ క్లేటన్ అనే పేటలో రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే. నేను ఒక ఇండియన్ హోటలు వెనక ఉల్లిపాయలు తరుగుతాను. ఆ వంటగదిలో అందరిదీ తెలుగే. పదేళ్ళయినా నాకు ఇంగ్లీషు రాకపోవడానికి అదొక సాకు.

దాని స్నేహితులు యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్ళారు. మా అమ్మాయి బడికి వెళ్ళింది. చదువుకోవడానికి కాదు, టీచరుకి సాయంగా. పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా బడిలో పని, మిగతా టైములో ఫౌండేషన్ డిగ్రీ.

"అదేం డిగ్రీనే?" అంటే, "పునాది అమ్మా" అంది. "నాన్న అంతమంది ఇళ్ళకి పునాదులు వేశాడు కదా, నేను నాకొకటి వేసుకుంటున్నా. ఇది అయితే పెద్ద డిగ్రీలోకి తీసుకుంటారు. అప్పుడు టీచరు."

చర్చిలో ఎవరైనా అడిగితే మాత్రం నేను "మా అమ్మాయి టీచరండీ" అనేసేదాన్ని. అది పక్కనుంచి నన్ను గిల్లేది. "కాదు ఆంటీ, అసిస్టెంట్‌ని. టీచర్‌కి మూడో చెయ్యిని" అనేది. ఇంటికొచ్చాక నా మీద పడేది.

"ఎందుకమ్మా అబద్ధాలు? అదీ దేవుడి గుడిలో?"

"రేపటి నిజం ఇవాళ చెప్పానే. తప్పేంది?"

"రేపు వచ్చాక చెప్పు. అడ్వాన్స్‌గా చెప్పకు."

తెల్లారగట్ల అయిదింటికి లేచి చదివేది. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకునేది. గుచ్చుకున్న సంగతి మర్చిపోయి ఇల్లంతా పెన్సిలు కోసం వెతికేది. నేను చెప్పేదాన్ని కాదు, చూస్తూ నవ్వుకునేదాన్ని. రైల్లో పాఠాలు చెవిలో పెట్టుకుని వినేది. శనివారం రోజంతా భోజనాల బల్ల మీద కంప్యూటరు, కాగితాలు, కత్తెర. తిండికి లేవమంటే లేచేది కాదు. పెరుగన్నం కలిపి గిన్నె చేతికిస్తే, నిలబడి చదువుతూ నిలబడే తినేది. కూర్చుని తినవే అంటే, "కూర్చుంటే నిద్రొస్తుందమ్మా" అనేది. అంత అలసట ఆ పిల్లకి. ఇరవై రెండేళ్ళకి ఎవరికైనా ఉంటుందా అంత అలసట?

బడిలో దానికి అప్పజెప్పింది ఒక్క పిల్లని. ఆరేళ్ళ తెల్లపిల్ల, బంగారు రంగు జుట్టు. మాట రాదు. చెవులు బాగానే వినిపిస్తాయి, నోరే పలకదు. అలాంటి పిల్లలకి బొమ్మల కార్డులతో నేర్పుతారట. నీళ్ళు కావాలంటే గ్లాసు బొమ్మ, ఒంటేలుకి వెళ్ళాలంటే ఆ బొమ్మ. అయిపోయింది అనడానికి ఖాళీ పళ్ళెం బొమ్మ, కింద ఫినిష్డ్ అని అక్షరాలు. మా అమ్మాయి ఆ బొమ్మలు గీసి, పైన ప్లాస్టిక్ అంటించేది. అంచులు కత్తిరించే పని నాది. ఉల్లిపాయలు తరిగే చెయ్యి కదా నాది, కాగితాలు కొయ్యడం రాలేదు. మూలలన్నీ వంకర పోయేవి.

"చూడమ్మా, ఈ పళ్ళానికి ఒక చెవి తెగ్గోశావు" అని నవ్వేది. పారేసేది మాత్రం కాదు. అవే బడికి తీసుకెళ్ళేది.

ఒకరోజు చూస్తే మా ఫ్రిజ్ నిండా అవే కార్డులు అంటించింది. ఇవెందుకే అన్నాను. "నువ్వు నా రెండో స్టూడెంట్‌వి. ఆ పిల్లకి నోరు లేదు, నీకు ఇంగ్లీష్ లేదు. ఇద్దరికీ ఒకటే సిలబస్" అంది. నిజంగానే నేర్పింది. అన్నిటికంటే ముందు ఒక పెద్ద కార్డు చేసింది. తాబేలు బొమ్మ, కింద స్లోలీ ప్లీజ్ అని.

"నీకు అర్థం కాకపోతే తలూపుతావమ్మా, యెస్ యెస్ అంటావు. అది మానెయ్. తెలియనప్పుడు యెస్ అనకు, థాంక్యూ అనకు. స్లోలీ ప్లీజ్ అను. వాళ్ళేం అనుకోరు."

ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ శుక్రవారం ఒక్కసారి స్లోలీ ప్లీజ్ అని ఉంటే, ఆ కేసరి వండేదాన్ని కాదు. అక్కడ అది ప్రాణం పోయి పడుకుని ఉంటే, ఇక్కడ దాని తల్లి నేతిలో జీడిపప్పు వేయించింది. ఈ పాపం నేను ఎవరి దగ్గర ఒప్పుకోవాలి?

ఆ తెల్లపిల్లకి మా అమ్మాయి అంటే ప్రాణం. ఎంత ప్రాణం అంటే, మా అమ్మాయి బాత్రూముకి వెళ్ళినా నేల మీద పడి తల కొట్టుకునేదట. అందుకని ఆ పిల్లకి ఆగడం నేర్పాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఎర్రటి అరచెయ్యి బొమ్మతో కార్డు చేసింది, వెయిట్ అని. దాంతోపాటు ఇసుక పోసిన గాజు బుడ్డి ఒకటి కొనుక్కొచ్చింది. పైనుంచి ఇసుక కిందికి జారడానికి మూడు నిమిషాలు. కార్డు పిల్ల చేతిలో పెట్టి, బుడ్డి తిరగేసి వెళ్ళాలి. ఇసుక అయ్యేలోపు తిరిగి రావాలి.

ముందు ఆ బుడ్డిని నా మీదే పరీక్ష చేసింది. "అమ్మా, ఇది అయ్యేదాకా నన్ను పిలవకు" అని బల్ల మీద పెట్టేది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. ఇసుక సగానికి రాకముందే "కాఫీ చల్లారిపోతందే" అనేదాన్ని. "ఆ పిల్లే నయం నీకంటే!" అని అరిచేది.

ఏడాది పట్టింది. మొదట్లో ఆ పిల్ల అర నిమిషం కూడా ఆగేది కాదు. తర్వాత నిమిషం, తర్వాత ఇసుక మొత్తం. ఆ పిల్ల ఇంకాస్త ఎక్కువ ఆగినప్పుడల్లా మా ఇంట్లో పండగే. డిగ్రీ చివర రాయాల్సిన పెద్ద వ్యాసం కూడా దాని గురించే పెట్టుకుంది, ఒక పిల్లకి ఆగడం ఎలా నేర్పానని.

మా అమ్మాయి మాట ఒకటి ఉంది, రాసి పెట్టుకోదగ్గది. "వెయిట్ కార్డు ఇచ్చినవాళ్ళు తిరిగి రావాలమ్మా. ఒక్కసారి రాకపోయినా ఆ పిల్ల ఇక ఎవర్నీ నమ్మదు. అప్పుడది కార్డు కాదు, అబద్ధం."

ఆఖరి వారం సోమవారం నుంచే కడుపులో నొప్పి అంది. డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. బుధవారం కాలేజీ నుంచి ఒకామె క్లాసుకి వచ్చి వెనక కూర్చుని తన పని చూస్తుందట. శుక్రవారానికి వ్యాసం ఇచ్చెయ్యాలి. రెండూ బాగుంటే పాస్. "రెండేళ్ళు ఆగావు, రెండ్రోజులు ఆగలేవా?" అంది. ఆగాను. తల్లిని, చెయ్యి పట్టి లాక్కెళ్ళాల్సిన దాన్ని, ఆగాను.

బుధవారం అంతా బాగా జరిగిందట. కాలేజీ ఆమె నవ్వుకుంటూ వెళ్ళిందట. ఆ తర్వాత మా అమ్మాయి బడి వరండాలో పడిపోయింది. లోపల పేగు పగిలి రక్తమంతా విషమైందన్నారు డాక్టర్లు. చెయ్యగలిగింది చేశారు, వాళ్ళని అనను.

మంచం మీద దానికి రెండే దిగుళ్ళు. ఒకటి వ్యాసం. సగమే రాశాను, లాప్‌టాప్ తీసుకురామ్మా అని అడిగింది. "నోరు మూసుకుని పడుకో" అని కసిరాను. రెండోది ఆ పిల్ల. "అంబులెన్స్ వచ్చేలోపు దానికి వెయిట్ కార్డు ఇచ్చానమ్మా. బుడ్డి కూడా తిప్పాను. నేను వెళ్ళాలి" అంది. వెళ్దువులేవే అన్నాను. "త్వరగా వెళ్ళాలమ్మా" అంది. శుక్రవారం పొద్దున జ్వరం తగ్గినట్టు కనిపించింది. నన్ను ఇంటికి పొమ్మంది. "స్నానం చేసి పెరుగన్నం తీసుకురా, నిలబడి తింటా" అంది. అది నవ్వించడానికి అన్న మాట. నేను నవ్వాను. అదే ఆఖరు.

సమాధి అయిన తర్వాత చుట్టాలు, సంఘం వాళ్ళు వెళ్ళిపోయాక నాకు ఒక్కటే పట్టుకుంది. ఆ రోజు నేను విన్న మాట తప్పు. ఆ తప్పుని నిజం చెయ్యాలి. నా బిడ్డ పాస్ అయ్యిందని ఒక్కసారి ఎవరైనా, ఆ మాటకి మన అర్థంతోనే, చెప్పాలి. అది కూడా లేకపోతే నేను ఆ థాంక్యూ ఎవరికి చెప్పినట్టు? ఎందుకు చెప్పినట్టు?

దాని పుస్తకాలు, కాగితాలు సంచిలో వేసుకుని కాలేజీకి వెళ్ళాను. కాలేజీ ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. తాబేలు కార్డు చూపించాను. ఆమె ఎవరికో ఫోను చేసి బల్ల మీద పెట్టింది. ఫోన్లోంచి తెలుగు వచ్చింది. ఇంగ్లీషు రానివాళ్ళకి అటూ ఇటూ చెప్పే మనిషట. ఎక్కడో కూర్చుని ఉన్నాడు, ముఖం లేదు, గొంతే.

"అమ్మా, చెప్పండి. మీరేం అడగాలనుకుంటున్నారు?"

"నా కూతురు పాసా, ఫెయిలా అడుగు నాయనా."

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. చాలాసేపు.

"అమ్మా, ఇన్‌కంప్లీట్ అని ఉందంటున్నారు. అంటే పూర్తికాలేదు."

"ఫెయిల్ కాదు కదా?"

"కాదమ్మా. ఫెయిల్ కాదు."

"అయితే పాస్."

"అదీ కాదమ్మా." మళ్ళీ ఆమెని ఏదో అడిగి చెప్పాడు. "క్లాసులో చూసిన పని చాలా బాగుందట. కానీ వ్యాసం అందలేదట."

బల్ల పట్టుకుని అన్నాను. "సగం రాసింది నాయనా. మిగతా సగం నాకు తెలుసు. ఆ కార్డులు కోసింది నేను. ఆ ఇసుక బుడ్డి ముందర నిలబడింది నేను. నేను చెప్తా, ఆమెని రాసుకోమను. అది రాసినట్టే రాసుకోమను. ఆమె కాళ్ళు పట్టుకుంటానని చెప్పు."

ఫోన్లో మనిషి, "చెప్పండమ్మా. నేను మీ మాట ఒక్కటి కూడా వదలకుండా చెప్తాను" అన్నాడు.

చెప్పాను. నేల మీద తల కొట్టుకోవడం దగ్గర్నుంచి ఇసుక మొత్తం జారేదాకా అంతా చెప్పాను. కాలేజీ ఆమె రాసుకుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ రాసుకుంది. చివర్న, ఇది నా ఒక్కదాని చేతిలో లేదు, నలుగురి ముందు పెట్టాలి, ఏదైనా ఫోను చేస్తాను అంది. మాట మాత్రం ఇవ్వలేదు.

ఆరు వారాలైంది. ఫోను రాలేదు. మోగితే మాత్రం పరిగెత్తుకెళ్ళి ఎత్తుతాను. ఆ మాట ఎవరైనా మళ్ళీ ఫోనులో చెబితే, ఈసారి నేనేం అనాలో నాకు తెలియదు.

కిందటి సోమవారం బడి నుంచి రమ్మన్నారు, దాని వస్తువులు తీసుకెళ్ళమని. మా అమ్మాయి ఎవరికి మూడో చెయ్యో ఆ టీచరమ్మే గేటు దగ్గరికి వచ్చింది. ఆమె మాట్లాడబోతుంటే స్లోలీ ప్లీజ్ అన్నాను. ఆమె ఒక్కొక్క మాట విడదీసి, చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆ పిల్ల రోజూ పొద్దున వచ్చి క్లాసు తలుపు దగ్గర కూర్చుంటుందట. ఏడవదట. నో క్రై, అంది. నేల మీద పడదట. చేతిలో కార్డు పట్టుకుని కూర్చుంటుందట. ఎవరు అడిగినా ఆ కార్డు ఇవ్వదట.

తలుపు దగ్గర చిన్న కుర్చీలో ఉంది. ఎర్రటి అరచెయ్యి కార్డు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి. నేను కోసిందే. కుడి మూల వంకర.

మా అమ్మాయి ఏడాది పాటు నేర్పింది ఆ పిల్ల నేర్చేసుకుంది. ఇంకేం రాయాలి ఆ వ్యాసంలో?

టీచరమ్మ తన చేతిలో ఉన్న ఇంకో కార్డు నాకు ఇచ్చింది. ఖాళీ పళ్ళెం బొమ్మ. ఒక చెవి తెగిన పళ్ళెం. ఫినిష్డ్. అది ఆ పిల్ల చేతిలో పెట్టి, ఆ ఎర్ర కార్డు తీసుకోమని సైగ చేసింది. నేను మా అమ్మాయి తల్లిని కదా, నా నుంచి అయితే తీసుకుంటుందేమోనని ఆమె ఆశ. తప్పు లేదు. ఎన్నాళ్ళని ఆ పిల్లని అలా కూర్చోబెడతారు?

రెండడుగులు వేశాను. ఆసుపత్రిలో వేసినట్టే. ఆ పిల్ల తలెత్తి చూసింది. నా ముఖంలో ఎవర్ని వెతికిందో, కళ్ళు తిప్పలేదు. నా చెయ్యి లేవలేదు. ఆ ఖాళీ పళ్ళెం కార్డుని కొంగులో దాచేసి, పక్కన నేల మీద కూర్చున్నాను.

మా ఇద్దరి మధ్యా ఇసుక బుడ్డి ఉంది. దాన్ని మా అమ్మాయి తప్ప ఎవరూ తిప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ పిల్లే తిప్పుకుంటోంది కాబోలు, ఇసుక సన్నగా జారుతోంది. ఆఖరి నలుసు పడేదాకా ఇద్దరం చూశాం. అది పడ్డాక ఆ పిల్ల తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత బుడ్డిని రెండు చేతులా ఎత్తి, తిరగేసి, నా మోకాలి మీద పెట్టింది.